రెండో పేరు అడిగితే తెలిసేది



2025 జూన్‌లో న్యూయార్క్ నగరం గురించి రెండు సర్వేలు వచ్చాయి. రెండూ ఒకే ఎన్నిక మీద, కొద్ది రోజుల తేడాతో వచ్చినవే. మారిస్ట్ సంస్థ లెక్కలో ఆఖరి రౌండుకు వచ్చేసరికి ఆండ్రూ క్యూమోకు 55 శాతం, జొహ్రాన్ మమ్దానీకి 45 శాతం. ఎమర్సన్ కాలేజీ లెక్కలో అదే ఆఖరి రౌండులో మమ్దానీకి 52, క్యూమోకు 48. ఒకరు గెలిపించిన మనిషిని ఇంకొకరు ఓడించారు. సర్వేలు తప్పడం మనకు కొత్త కాదు. ఎగ్జిట్ పోల్స్ రోజున టీవీకి అతుక్కుపోయి, లెక్కింపు రోజున నవ్వుకోవడం మనకు అలవాటే. ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి వేరే ఉంది. ఆఖరి రౌండు అంటున్నారే, సర్వేలో రౌండ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆ ఎన్నిక మేయర్ పదవికి కాదు, డెమోక్రటిక్ పార్టీ మేయర్ టికెట్టుకు. మన దగ్గర ఎన్నికలొస్తున్నాయంటే టికెట్ ఎవరికన్నదే పెద్ద కథ. ఆశావహులు రాజధానికి పరుగులు తీస్తారు, అధిష్ఠానం జాబితాలను విడతలు విడతలుగా వదులుతుంది, ఆఖరి నిమిషంలో బీ-ఫారం చేతులు మారుతుంది. అమెరికాలో ఆ టికెట్టును తేల్చేది ఓటర్లే. దాన్నే ప్రైమరీ అంటారు. న్యూయార్క్‌లో అయితే ఫలానా పార్టీ ఓటరునని ముందుగా నమోదు చేసుకున్నవారికే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. డెమోక్రాట్లు బలంగా ఉన్న నగరంలో జూన్‌లో టికెట్ గెలిచినవారికి నవంబరులో సగం పని అయిపోయినట్టే.

ప్రైమరీలో ఉండే చిక్కు ఏమిటంటే, పోటీదారులందరూ ఒకే పార్టీవాళ్లు. ఒకే జెండా, ఇంచుమించు ఒకే మాట. ఓటరుకు ఇద్దరు ముగ్గురు నచ్చుతారు. 2025లో డెమోక్రటిక్ బరిలో పదకొండు మంది ఉన్నారు. అంతమందిలో ఒక్కరికే ఓటు వేయమంటే ఓట్లు చీలికలు పేలికలు అవుతాయి. పాతికా ముప్పై శాతం మంది గట్టి అభిమానులున్నవారు గట్టెక్కిపోతారు. మిగిలిన డెబ్బై శాతం మందీ ఏమనుకున్నారో ఎవరికీ తెలియదు.

అందుకే 2019 నవంబరులో అక్కడి ప్రజలు ప్రాధాన్య ఓటు పద్ధతిని పెద్ద మెజారిటీతో ఆమోదించారు. బ్యాలెట్ కాగితం మీద ఎడమ పక్కన పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ప్రతి పేరుకూ ఎదురుగా ఐదు గుండ్రాలు. మొదటి నిలువు వరసలో మీ మొదటి ఎంపిక, రెండో వరసలో రెండో ఎంపిక, అలా ఐదుగురి దాకా నింపవచ్చు. ఒక్కరితో ఆపేసినా ఆ ఓటు చెల్లుతుంది. ఈ పద్ధతిని మన ఉపఖండం నుంచి వెళ్లినవారికి వివరించడానికి మమ్దానీ హిందీలో ఒక వీడియో చేశారు. మామిడి లస్సీ గ్లాసులు ముందు పెట్టుకుని లెక్క చెప్పారు. ఆయన సినిమా దర్శకురాలు మీరా నాయర్ కొడుకు, వీడియో మీద ఆ మాత్రం పట్టు ఉండడంలో వింత లేదు.

తెలుగు శ్రోతలకు లస్సీ గ్లాసులు అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు వేసినవారికి ఇది తెలిసిన సంగతే. దినపత్రిక అంత జంబో బ్యాలెట్, పోలింగ్ అధికారి చేతికిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్ను, పేర్ల ఎదురుగా 1, 2, 3 అంకెలు. టిక్కు పెడితే చెల్లదు, అంకెకు బదులు అక్షరాల్లో రాసినా చెల్లదు. 2021 మార్చిలో వరంగల్, ఖమ్మం, నల్లగొండ పట్టభద్రుల స్థానానికి 71 మంది పోటీ చేస్తే లెక్కింపు రోజుల తరబడి సాగింది. గెలుపుకు కావలసిన ఓట్ల కోటా ఎవరికీ రాలేదు. అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే ఎలిమినేట్ చేస్తూ, వారి కాగితాల మీది రెండో ప్రాధాన్యాలను మిగతావారికి పంచుకుంటూ పోయారు. ప్రొఫెసర్ కోదండరాం మూడో స్థానంలో ఆగిపోయాక, ఆయన ఓట్లు కూడా పంచి చూస్తేగాని పల్లా రాజేశ్వర్‌రెడ్డి, తీన్మార్ మల్లన్నల మధ్య తీర్పు తేలలేదు. న్యూయార్క్‌లో జరిగేదీ ఇదే. అక్కడ కంప్యూటరు చేస్తుంది కాబట్టి రాత్రింబవళ్లు బండిళ్లు కట్టే పని లేదు.

ఇప్పుడు సర్వేలో రౌండ్ల సంగతి తెలిసిపోయింది కదా. సర్వే చేసేవారు ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో ఓటరును పట్టుకుని, మీ మొదటి ఓటు ఎవరికి అని అడిగి ఊరుకోరు. ఆయన లేకపోతే ఎవరికి, ఆవిడ కూడా లేకపోతే ఎవరికి అని ఐదు పేర్ల దాకా రాసుకుంటారు. తర్వాత ఆ కాగితాలన్నీ నిజం బ్యాలెట్లు అయినట్టు రౌండ్లు నడిపిస్తారు. ఎన్నికకు ముందు జరిగే ఉత్తుత్తి లెక్కింపు అది.

ఇంత శ్రమ ఎందుకు? ఒక్క పేరుతో ఆపేస్తే నష్టమేమిటి? 2016 ఫిబ్రవరిలో దక్షిణ కరోలినాలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష ప్రైమరీ జరిగింది. డొనాల్డ్ ట్రంప్‌కు 32.5 శాతం ఓట్లు వచ్చాయి. ఆ రాష్ట్రం నుంచి పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే 50 మంది డెలిగేట్లూ ఆయనకే దక్కారు. మార్కో రూబియో, టెడ్ క్రూజ్ ఒక్కొక్కరూ 22 శాతం చిల్లరతో మిగిలిపోయారు. అప్పటినుంచి ఒక వాదన ఉంది: మూడింట రెండు వంతుల మంది ట్రంప్ వద్దన్నారు, ఓట్లు చీలి ఆయన గెలిచారు అని. ఆయన అనుయాయులేమో, క్రూజ్ ఓటర్లకు రెండో ఎంపిక మా నాయకుడే అనేవారు. ఈ రెండింట్లో ఏది నిజమో 32.5 అనే అంకె చెప్పదు. రూబియోకు ఓటు వేసిన మనిషి ట్రంప్‌ను వద్దన్నాడో, రెండో స్థానంలో పెట్టుకున్నాడో అడిగితేనే తెలుస్తుంది. అడగనప్పుడు ఆ ఖాళీని ఎవరికి నచ్చినట్టు వారు నింపుకుంటారు. ప్రాధాన్య సర్వే చేసే మొదటి మేలు ఇదేనని నా అభిప్రాయం. విజేతను ముందే చెప్పడం తర్వాతి సంగతి, ముందు ఇలాంటి సొంత కవిత్వానికి చోటు తగ్గిస్తుంది.

2020లో డెమోక్రాట్ల అధ్యక్ష ప్రైమరీలో ఇంకో రకం నష్టం కనపడింది. మార్చి మొదట్లో, ఒకే రోజున పద్నాలుగు రాష్ట్రాలు ఓటు వేసే సూపర్ ట్యూస్‌డేకు ఒకటి రెండు రోజుల ముందు, పీట్ బుటిజజ్, ఏమీ క్లోబుచార్ పోటీ నుంచి తప్పుకుని జో బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. అప్పటికే పోస్టులో వారికి ఓట్లు వేసి పంపినవారి గతి ఏమిటి? ఆ కాగితాల మీద రెండో పేరు లేదు. ఓటు గాలికి పోయింది. అదే ఏడాది అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్ రాష్ట్రాల్లో మాత్రం పార్టీ తానే నడుపుకున్న ప్రైమరీల్లో ప్రాధాన్య ఓటు పెట్టింది. అక్కడ తప్పుకున్నవారి ఓట్లు తర్వాతి పేరుకు వెళ్లాయి. రిపబ్లికన్లకు ఇది నచ్చదని కొందరంటారు గాని, 2021 మేలో వర్జీనియా రిపబ్లికన్లు గవర్నర్ అభ్యర్థిని ఎంచుకున్నది ఈ పద్ధతిలోనే. ఆరో రౌండులో గ్లెన్ యంగ్‌కిన్ గెలిచారు, ఆ నవంబరులో గవర్నరూ అయ్యారు.

రెండో ప్రాధాన్యం అనగానే మనవాళ్లలో పెద్దవారికి 1969 గుర్తుకు రావాలి. ఆ ఆగస్టులో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో ప్రధాన పోటీదారులిద్దరూ తెలుగువారే. ఒకరు బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి, రెండోవారు అనంతపురం జిల్లా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసిన కోటా 4,18,169. గిరికి పదహారు వేల పైచిలుకు తగ్గింది. రెండో ప్రాధాన్యాలు కలిపాక గిరి 4,20,077కు, రెడ్డిగారు 4,05,427కు చేరారు. గిరి రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచారని అందరం చెప్పుకుంటాం. ఒకసారి తీసివేత చేసి చూడండి. బదిలీల్లో గిరికి చేరింది పద్దెనిమిదిన్నర వేలు. సంజీవరెడ్డికి చేరింది దాదాపు తొంభై రెండు వేలు, అంటే ఐదింతలు. రెండో ప్రాధాన్యాల్లో ఘనవిజయం సంజీవరెడ్డిదే. మొదటి ఓట్లలో వెనకబాటు మరీ ఎక్కువ కావడంతో అది చాలలేదు. 

ఈ తీసివేతను గుర్తుంచుకుంటే ప్రాధాన్య సర్వేను చదవడం సగం వచ్చినట్టే. ఫలానా నాయకుడు అందరికీ రెండో ఎంపిక అని పత్రికలు రాస్తాయి. బాగుంది. అయితే ఆ రెండో ఎంపికలు ఎప్పుడు లెక్కలోకి వస్తాయి? మొదటి ఎంపిక పొందినవారు ఎలిమినేట్ అయితేనే. గిరికి మొదటి ఓటు వేసి రెడ్డికి రెండోది రాసినవారి రెండో ఓటును ఎవరూ విప్పి చూడలేదు. అందరికీ రెండో ఎంపికగా ఉండి, ఎవరికీ మొదటి ఎంపిక కాని మనిషి మొదటి రౌండులోనే ఇంటికి పోతాడు.

ఎలిమినేషన్ వరస ఎంత ముఖ్యమో 2021 న్యూయార్క్ ప్రైమరీలో తేటతెల్లమైంది. మొదటి ఎంపికల్లో ఎరిక్ ఆడమ్స్‌కు 30.7 శాతం, మాయా వైలీకి 21.4, కేథరిన్ గార్సియాకు 19.6, ఆండ్రూ యాంగ్‌కు 12.2. ఎన్నికకు ముందు ఆఖరి రోజుల్లో యాంగ్ తన అభిమానులకు, నా తర్వాత గార్సియా పేరు రాయండి అని చెప్పారు. యాంగ్ ఎలిమినేట్ కాగానే ఆ ఓట్లు పంచితే, మూడో స్థానంలో ఉన్న గార్సియా వైలీని దాటేశారు, అదీ సుమారు 12 వేల ఓట్ల తేడాతో. ఆ తేడా తిరగబడి ఉంటే ఆఖరి పోరు ఆడమ్స్‌కూ వైలీకీ మధ్య జరిగేది, ఫలితం ఏమయ్యేదో తెలియదు. చివరకు ఆడమ్స్ గార్సియా మీద గెలిచింది 7,197 ఓట్లతో. మొత్తం పోలైనవి తొమ్మిది లక్షలకు పైమాటే. ఇంత సన్నని తేడాలను ఎనిమిది వందల మందిని అడిగి పట్టుకోవడం ఏ సర్వేకైనా సాధ్యమేనా?

ఆ ఎన్నికలోనే ఇంకో అంకె ఉంది. సుమారు 1,40,000 కాగితాలు ఆఖరి రౌండు దాకా రాకుండానే ఆగిపోయాయి. వాటి మీద రాసిన పేర్లన్నీ అప్పటికే ఎలిమినేట్ అయ్యాయి, ఆడమ్స్ పేరూ గార్సియా పేరూ లేవు. గెలుపు తేడా ఏడు వేలు, ఆగిపోయిన ఓట్లు లక్షా నలభై వేలు. మన ఎమ్మెల్సీ ఎన్నికల్లో కూడా ఒకటో అంకె వేసి ఊరుకునేవారు కోకొల్లలు, అలా వేయమని చెప్పే నాయకులూ ఉంటారు. సర్వేలో ఇలాంటివారు ఎంతమంది ఉన్నారో విడిగా చూపించకపోతే ఆఖరి రౌండు అంకె మోసం చేస్తుంది. నూటికి 52 అంటారు, ఆ నూరు మొదట ఉన్న నూరు కాదు. అన్నట్టు, ఆ ఎన్నికలో అధికారులే యంత్రాలను పరీక్షించడానికి వాడిన లక్షా 35 వేల నమూనా ఓట్లను తీసేయడం మరచిపోయి ఫలితాలు ప్రకటించి, అదే రోజు వెనక్కి తీసుకున్నారు. అసలు లెక్కింపే అలా జరిగినప్పుడు ఉత్తుత్తి లెక్కింపును ఏమనగలం!

సర్వే లోపలి ఇబ్బంది ఒకటి చూద్దాం. ఎనిమిది వందల మందిని అడిగారనుకోండి. అంతమంది మీద వచ్చే అంకెకు అటూ ఇటూ మూడున్నర శాతం తేడా ఉండవచ్చని గణిత శాస్త్రం చెబుతుంది. ఎమర్సన్ ఆఖరి సర్వేలో మూడో స్థానంలో ఉన్న బ్రాడ్ లాండర్‌కు 13 శాతం. ఎనిమిది వందల్లో 13 శాతం అంటే నూట నాలుగు మంది. లాండర్ ఎలిమినేట్ అయ్యాక ఆ ఓట్లు ఎటు పోతాయన్నది ఈ నూట నాలుగు మంది మాట మీద ఆధారపడింది. అక్కడ తేడా మూడున్నర కాదు, దాదాపు పది శాతం. అయిదారు రౌండ్ల కింద ఎలిమినేట్ అయిన అభ్యర్థికైతే సర్వే మొత్తంలో దొరికేది ఇరవై మందే కావచ్చు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వెళ్లి, ఎనిమిదో రౌండులో 51.8 శాతం అని దశాంశం పెట్టి ప్రకటిస్తారు. ఆ దశాంశాన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది.

అడిగే తీరు కూడా తేలిక కాదు. పదకొండు పేర్లు ఫోనులో చదివి వినిపిస్తే వినేవారికి మొదటివీ చివరివీ గుర్తుంటాయి. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో వరసలో పేర్లు చదవాలి. మూడో పేరు దాటాక చాలామంది ఏదో ఒకటి చెప్పి ఫోను పెట్టేద్దామని చూస్తారు. నా ఉద్దేశంలో మొదటి రెండు పేర్లూ, ఎవరి పేరు అసలు రాయరన్న ప్రశ్నా చాలావరకు సరిపోతాయి. ఆ చివరి ప్రశ్న చాలా విలువైనది. క్యూమో వ్యతిరేకులు 2025లో ఫలానా వారికి ఓటేయండి అనడం కన్నా, క్యూమో పేరు మాత్రం ఏ వరసలోనూ నింపకండి అని ప్రచారం చేశారు. ఒక నాయకుడి ఓట్లు ఎంతకు మించి పెరగవో తెలిసేది, ఆయన పేరు కాగితం మీద ఎక్కడా రాయని ఓటర్లు ఎంతమందో తెలిసినప్పుడే.

ఇప్పుడు ఆ రెండు సర్వేల దగ్గరకు వద్దాం. మారిస్ట్ వారు ప్రశ్నలు అడిగింది జూన్ 9 నుంచి 12 దాకా. మర్నాడు, 13న, మమ్దానీ, లాండర్ ఒక ఒప్పందం ప్రకటించారు. నా ఓటర్లు రెండో స్థానంలో నిన్ను రాస్తారు, నీ ఓటర్లు నన్ను రాయాలి అని. మన రాజకీయాల్లో అయితే పొత్తు అనేవాళ్లం, ఇక్కడ ఇద్దరూ పోటీలోనే ఉన్నారు. ఎమర్సన్ సర్వే ఆ తర్వాత జరిగింది. ప్రాధాన్య ఓటు ఉన్నచోట సర్వే తేదీకి ఇంత విలువ ఉంటుంది. ఎవరు ఎవరికి రెండో ఓటు వేయమన్నారన్న మాట ఒక్క పూటలో బదిలీల దారి మళ్లించగలదు.

జూన్ 24న ఓటింగు జరిగింది. పది లక్షల మందికి పైగా వచ్చారు. మొదటి ఎంపికల్లో మమ్దానీకి 43.8 శాతం, క్యూమోకు 36.1, లాండర్‌కు 11 చిల్లర. ఆ రాత్రే క్యూమో ఓటమి ఒప్పుకున్నారు. వారం తర్వాత బదిలీలు కలిపితే 56కు 44. ఇందులో గమనించవలసింది క్యూమో అంకె. మారిస్ట్ ఆయనకు మొదటి ఎంపికల్లో 38 అంది, ఎమర్సన్ 35 అంది. నిజంగా వచ్చింది 36. ఇద్దరూ దాదాపు సరిగ్గానే చెప్పారు. మమ్దానీకి మారిస్ట్ 27 అంది, ఎమర్సన్ 32 అంది. వచ్చింది దాదాపు 44. తేల్చుకోనివారిలో ఎక్కువమంది చివరికి ఆయన వైపు మొగ్గి ఉండాలి, లేదా ఆయన ఓటర్లు సర్వే జాబితాల్లోనే లేరు. గత ప్రైమరీల్లో ఓటు వేసినవారిని చూసి, ఈసారి కూడా వీరే వస్తారని ఊహించి నమూనా తీస్తే, తొలిసారి ఓటు వేసే కుర్రకారు అందులో ఎలా దొరుకుతారు? ఐదు పేర్లు అడిగినా, యాభై పేర్లు అడిగినా, అడగని మనిషి మనసు తెలియదు. ప్రాధాన్య సర్వే ఓటరు మనసును లోతుగా చూపిస్తుంది. ఏ ఓటరు మనసు అన్నది మాత్రం పాత ప్రశ్నే, దానికి పాత జవాబులే ఉన్నాయి.

అలాగని పద్ధతిని కొట్టిపారేయలేం. మొదటి ఎంపిక మాత్రమే అడిగి ఉంటే, ఎమర్సన్ చివరి సర్వే క్యూమోయే ముందున్నాడని చెప్పి ముగిసేది. 35కు 32. ఓడిపోయే మనిషిని గెలిచేవాడిగా చూపించేది. రెండో పేరు అడగబట్టే దారి సరిదిద్దుకుంది. లాండర్ అభిమానుల మొగ్గు మమ్దానీ వైపని బయటపడింది.

మన దగ్గర ప్రైమరీలు లేవు. 2014లో కాంగ్రెస్ పార్టీ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రయోగంగా పెట్టి చూసింది, అది సాగలేదు. కానీ టికెట్ల కాలంలో మన ఫోన్లు మోగడం మామూలైపోయింది. ఎత్తగానే రికార్డు చేసిన గొంతు: మీ నియోజకవర్గంలో ఫలానా వారు అభ్యర్థి కావాలంటే ఒకటి నొక్కండి, ఫలానా వారైతే రెండు నొక్కండి. ఒకటి నొక్కగానే ఫోను కట్. నలుగురు ఆశావహుల మధ్య ఈ ఒక్క నొక్కుడుతో ఓట్లు చీలి, అందరికన్నా గట్టి వర్గం ఉన్న మనిషి పైకి తేలతాడు. మిగతా మూడు వర్గాలూ ఆ మనిషి కింద పనిచేస్తాయో, ఎన్నికల రోజున ఇంట్లో కూర్చుంటాయో ఆ సర్వేకు తెలియదు. టికెట్ వచ్చాక జరిగే రెబెల్ నామినేషన్లు, కార్యాలయం మీద రాళ్లు, సామూహిక రాజీనామాలు చూసి ఆశ్చర్యపోవడం దేనికి? మీరు కోరినవారికి టికెట్ రాకపోతే ఎవరైతే సరే అంటారు, ఎవరైతే అసలు పనిచేయరు అని ఇంకో రెండు ప్రశ్నలు అడగడానికి అయ్యే ఖర్చు అర నిమిషం ఫోను.

కనుక సర్వే చేసే సంస్థలకూ, చేయించుకునే పార్టీలకూ ఒక మనవి, రెండో పేరు కూడా అడగండి. శ్రోతలకు ఇంకో మనవి. ఇకమీద ఎవరైనా సర్వే అంకెలు చదివి వినిపిస్తే మూడు సంగతులు వాకబు చేయండి. ఎవరిని అడిగారు, ఏ తేదీల్లో అడిగారు, ఒక్క పేరు అడిగారా లేక తర్వాతి పేర్లు కూడా అడిగారా. మూడింటికీ జవాబు దొరకకపోతే ఆ అంకెను పక్కన పెట్టి మీ పని చూసుకోండి.